అమ్మతో మాట్లాడటానికి ఏడాదికి రెండు రోజులు

2019 ఫిబ్రవరి దాకా మార్మన్ అనే క్రైస్తవ చర్చి తరఫున మతప్రచారానికి వెళ్లిన మిషనరీ కుర్రాడు ఇంటికి ఫోన్ చేయాలంటే ఏడాదికి రెండే సందర్భాలు: క్రిస్మస్, మదర్స్ డే. మిగతా రోజులన్నీ ఉత్తరాలు, ఈమెయిళ్లే. ఇకపై వారానికోసారి ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చని ఆ నెలలో చర్చి పెద్దలు ప్రకటించారు. మంచి మార్పే. కానీ అంతకుముందు ఎన్ని ఇళ్లలో ఎంతమంది తల్లులు ఆ రెండు రోజుల కోసం కాచుకుని ఉంటారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఒక్క ప్రకటనతో పోయిన కట్టడి అన్నేళ్లు ఎందుకు ఉన్నట్టు?

సేవాకాలం మగపిల్లలకు రెండేళ్లు, ఆడపిల్లలకు ఏడాదిన్నర. ఎక్కడికి వెళ్లాలో చర్చే చెబుతుంది. జీతం ఉండదు, పైగా నెలనెలా సొంత డబ్బు కట్టాలి. ప్రేమలు కూడదు. పేరు పెట్టి పిలుచుకోరు, ఇంటిపేరుకు ముందు ఎల్డర్ అనో సిస్టర్ అనో చేరుస్తారు. వీటన్నిటికన్నా నాకు కష్టంగా తోచేది జోడీ నియమం. ఇద్దరిద్దరుగా వేస్తారు. ఎవరితో ఉండాలో వాళ్ల చేతిలో లేదు. స్నానాల గదిలాంటి కొద్ది సందర్భాల్లో తప్ప ఒకరినొకరు విడిచి ఉండకూడదు. దిగులేస్తే ఒంటరిగా వీధి చివరిదాకా నడిచి రావడానికి కూడా లేదు.

దీక్షలో నియమాలుంటాయి, దాన్ని తప్పుపట్టను. అవే తమ జీవితంలో మంచి రోజులని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట నమ్ముతాను. నా బాధల్లా మధ్యలో ఆగిపోయే పిల్లల గురించి. తలుపుకు తాళం లేదు, వెళ్లిపోవచ్చు. కానీ సభ్యులైన ప్రతి యువకుడూ వెళ్లాలని చర్చి అధ్యక్షుడు స్పెన్సర్ కింబాల్ 1974లోనే అన్నారు. అందరూ సాగనంపిన ఊరికి ఆర్నెల్లకే తిరిగొచ్చినవాణ్ణి ఊరు ఎలా చూస్తుంది? ఆ చూపుకు జడిసి ఉండిపోయినవాడు ఇష్టంతో ఉన్నట్టు కాదు. పైగా 2012లో మగపిల్లల కనీస వయసు 19 నుంచి 18కి తగ్గించారు. తన స్వేచ్ఛను వదులుకోవాలంటే ముందది కొన్నాళ్లయినా చేతిలో ఉండాలి కదా! బడి అయిపోయిన మర్నాడే వెళ్లేవాడికి ఆ కొన్నాళ్లు ఎక్కడివి?

మనకు దూరపు సంగతేం కాదు. భారతదేశంలో ఈ చర్చి తొలి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మన తెలుగు ఇళ్ల నుంచీ పిల్లలు ఈ సేవకు వెళ్తున్నారు.

ఆ ఇళ్ల అమ్మానాన్నలను ఒకటి వేడుకుంటాను. వారంవారం ఫోనొచ్చినా పక్కనే జోడీ ఉండొచ్చు, అక్కడ పిల్లాడు మనసు విప్పలేకపోవచ్చు. అందుకే బయల్దేరకముందే, పెట్టె సర్దుతున్నప్పుడే చెప్పండి: ‘ఉండలేకపోతే వచ్చెయ్ నాన్నా, ఎందుకొచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు.’