మండపేట మామ్మ పేరేంటి?

కిందటి నెలలో మావారి మేనత్తగారు పోయారు. పిల్లలకి ఆవిడ మండపేట మామ్మ, మాకు మండపేట అత్తయ్యగారు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా వెళ్లిపోయారు. పెద్దకార్యానికి కార్డు వేయించాలని మా మరిది కొడుకు ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, మామ్మ పూర్తి పేరేంటి?" అన్నాడు. చెప్పొద్దూ, ఇరవై ఆరేళ్లుగా ఆవిడ చేతి పులిహోర తిన్నదాన్ని, నాకు నోట మాట రాలేదు.

ఒకరు సత్యవతి అన్నారు. ఇంకొకరు కాదు, అనంతలక్ష్మి అన్నారు. చూస్తే రేషన్ కార్డులో అనంతలక్ష్మి, బ్యాంకు పుస్తకంలో సత్యవతి. ఆఖరికి మా అత్తగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "అనంతలక్ష్మీ సత్యవతి. అన్నవరంలో అమ్మవారి పేరు. మొక్కుకుంటే పుట్టిందని మా మావగారు పెట్టుకున్నారు" అన్నారు. కార్డు మీద పేరు పడింది. కానీ ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని కాగితం పుట్టించడానికి వాళ్లబ్బాయి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

మా గోదావరి వైపు ఈ పేర్లకి కొదవ లేదండీ. రత్నగిరి మీద వెలిసిన స్వామి వీర వెంకట సత్యనారాయణ స్వామి. ఆయన పేరు లేని వీధి మా దగ్గర దొరకదు. పేరుకి ముందు వి.వి. అని కనిపిస్తే ఆ మనిషి మావాడేనని సగం నమ్మకం వచ్చేస్తుంది. మనల్ని అంతగా నవ్వించిన ఇ.వి.వి. సత్యనారాయణ గారు కూడా అంతే, ఈదర వీర వెంకట సత్యనారాయణ. నిడదవోలు దగ్గర కోరుమామిడి ఆయనది. ఇక కృష్ణా వైపు వెళితే విశ్వనాథ సత్యనారాయణ గారు, కైకాల సత్యనారాయణ గారు. ఒకరు జ్ఞానపీఠం అందుకున్న కవి, ఒకరు తెర మీద యముడు. పేరు ఒకటే అయినా వాళ్లలో ఎవరైనా ఎవరిలోనైనా కలిసిపోయారా?

ఊళ్ల సంగతీ అంతే. భీమవరం అనగానే మనకి పశ్చిమ గోదావరి భీమవరమే గుర్తొస్తుంది. సామర్లకోటలో ఉన్నదీ భీమవరమే, పాతకాలంలో చాళుక్య భీమవరం అనేవారు. రెండు చోట్లా పంచారామ క్షేత్రాలే, అక్కడ సోమారామం, ఇక్కడ కుమారారామం. ఏడు శనివారాలు తిరిగే వాడపల్లి మన ఆత్రేయపురం దగ్గర ఉంటే, కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి నల్గొండ వైపు ఉంది. కిందటేడు హైదరాబాద్ నుంచి బయల్దేరిన మా బంధువులు ఫోన్లో ఉత్త వాడపల్లి అని కొట్టి, మిర్యాలగూడ దాటాక గానీ తెలుసుకోలేదు. పోన్లే, అక్కడా దణ్ణం పెట్టుకున్నారు. ఇక గన్నవరం అంటే విమానాలు దిగే ఊరు ఒకటి, కోనసీమలో అక్విడక్టు ఉన్న ఊరు ఒకటి. మన గన్నవరానికి ముందు పి అన్న అక్షరం చేర్చి తేడా తెలిసేలా చేసుకున్నాం.

ఇక్కడే నాకో సంగతి తట్టింది. ఊళ్లు కలగాపులగం అవుతుంటే మనం ముందు ఒక అక్షరం కలుపుకున్నాం గానీ, గన్నవరం అన్న మాట తీసేసి ఉత్త "పి" అని పిలవలేదు కదా. మరి ఆడవాళ్ల విషయంలో చేసిందేమిటి? సత్యవతులు ఎక్కువైపోయారని మండపేట సత్యవతి అనడం మొదలుపెట్టాం. కొన్నాళ్లకి సత్యవతి రాలిపోయింది. మండపేట ఒక్కటే మిగిలింది.

నా సంగతే చెబుతాను. రాజమండ్రిలో బి.ఏ. తెలుగు చదివేటప్పుడు మా క్లాసులో వెంకటలక్ష్ములం నలుగురం. రోజూ గోదావరి దాటి రైల్లో వచ్చేదాన్ని కాబట్టి నేను కొవ్వూరు వెంకటలక్ష్మిని. అప్పుడు బాగానే ఉండేది, ఊరూ నాదే, పేరూ నాదే. పెళ్లయి రామచంద్రపురం వచ్చాక ఇక్కడ "కొవ్వూరు కోడలు" అయ్యాను. పుట్టింటికి వెళితే "రామచంద్రపురం పిన్ని వచ్చింది" అంటారు. అత్తారింట్లో పుట్టింటి ఊరు, పుట్టింట్లో అత్తారి ఊరు. రెండు ఊళ్ల మధ్యా నా పేరు ఏ రేవులో దిగిపోయిందో నాకే తెలీదు. పైగా హైదరాబాద్ వాళ్లకి చెబితే "బీహెచ్ఈఎల్ దగ్గర రామచంద్రపురమా?" అంటారు. ఆ ఊరన్నా నా ఒక్కదానిదే కాదన్నమాట.

మా అత్తగారితో ఇదే అంటే, "పెద్దవాళ్లని పేరు పెట్టి పిలుస్తామా అమ్మాయ్? అది మర్యాద" అన్నారు. ఆవిడ మాట కొట్టిపారెయ్యను. మొహం మీద పేరు పెట్టి పిలవమని నేనూ అనడం లేదు. కానీ మర్యాద కోసం పిలవకపోవడం వేరు, అసలు తెలుసుకోకపోవడం వేరు. మావగారి పేరు మర్యాద కోసం పలకరు గానీ, ఆయన ఇంటిపేరుతో సహా పిల్లలందరికీ వచ్చు. తెలియనిది ఆడవాళ్ల పేర్లే.

వెనకటి రోజుల్లో పెళ్లితో పేరే మారిపోయేది. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి మొదటి పేరు బాపమ్మ. 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు, వెలివేతకి భయపడి అందరూ దూరంగా ఉంటే భర్త పక్కన నిలబడిన మనిషి ఆవిడ. పంతులుగారి పేరు ప్రతి ఇంట్లో తెలుసు, ఆవిడ పేరు అడిగి చూడండి.

కాకపోతే మా మండపేటే దీనికి మంచి జవాబు కూడా ఇచ్చింది. డొక్కా సీతమ్మగారు 1841లో అక్కడే పుట్టి, లంకల గన్నవరం కోడలయ్యారు. వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకి అన్నం పెట్టి 1909లో కన్నుమూశారు. సీతమ్మ అన్నది ఎంత మామూలు పేరో చూడండి, ఊరికి పదిమంది ఉంటారు. అయినా ఆవిణ్ణి ఎవరూ ఉత్త "మండపేట కోడలు" అనలేదు. పేరు పలికారు కాబట్టి నిలిచింది. ఇవాళ గన్నవరం అక్విడక్టు ఆవిడ పేరు మీదే ఉంది, బడిపిల్లల మధ్యాహ్న భోజనమూ ఆవిడ పేరు మీదే.

మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. ఎవరికీ లేని పేరు పెట్టాలని ఫోన్లో వెతుకుతోంది. మా అత్తగారేమో సత్యవతి అంటున్నారు. ఏ పేరు పెట్టుకున్నా నాకు సమ్మతమే. కానీ దానికి ఒక మాట చెప్పాను. నలుగురికీ ఉన్న పేరు వల్ల మనిషి మాసిపోదే, ఎవరూ పలకకపోతేనే మాసిపోతుంది. ఎవరికీ లేని పేరు పెట్టి, రేపు దాన్ని కూడా "హైదరాబాద్ పిల్ల" అంటే ఏం లాభం?

నేనైతే నా వంతు మొదలుపెట్టాను. శుభలేఖలు వేయించేటప్పుడు మేనత్తల పేర్లు రాయిస్తున్నాను. పాత ఫోటోల వెనక మా అత్తగారిని అడిగి పేర్లు రాస్తున్నాను. ఫోన్లో "కడియం పిన్ని" అని ఉన్నదాన్ని "సుబ్బలక్ష్మి పిన్ని, కడియం" అని మార్చాను. మొన్న ఆవిడ మా ఇంటికొచ్చి, తన ఫోన్ ఎక్కడో పెట్టి మర్చిపోయి, నా ఫోన్‌తో రింగ్ ఇవ్వమంది. తెర మీద తన పేరు చూసుకుని, "ఓసినీ, నా పేరు నీకు తెలుసుటే!" అంది. ఆవిడ మొహంలో ఆ సంతోషం చూసి నాకు కాస్త సిగ్గేసింది.

మీ ఇంట్లోనూ ఓ ఊరి పేరు మామ్మ ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఆవిడ పూర్తి పేరు అడిగి రాసిపెట్టుకోండి. కార్డు వేయించే రోజు దాకా ఆగొద్దు.