ఆ నది కంటే ముందు ఈ పైపులు
మా సుంగై సిపుట్ పేరులోనే ‘నది’ ఉంది. పొరుగు రాష్ట్రం పెనాంగ్ ఏళ్లుగా మా పెరాక్ నీళ్లు అడుగుతోంది. కౌలాలంపూర్ ప్రాంతానికైతే పహాంగ్ నుంచి 44.6 కిలోమీటర్ల సొరంగమే తవ్వారు. ఇవ్వొద్దని నేననను. కానీ మన చెన్నై సంగతి చూడండి. తెలుగుగంగ ద్వారా 1996 నుంచి కృష్ణా నీళ్లు వస్తున్నా, 2019లో జలాశయాలు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకుంది. కరువొస్తే దూరపు నదీ ఎండుతుంది కదా! ఇప్పుడా నగరం కోయంబేడు, కొడుంగయూరుల్లో మురుగునీటిని శుద్ధి చేసి పరిశ్రమలకిస్తోంది. ఆ మేరకు మంచినీళ్లు ఇళ్లకు మిగులుతాయి. మలేషియాలోనేమో శుద్ధి చేసిన నీటిలో మూడో వంతు బిల్లుకెక్కకుండానే పోతోంది, ఎక్కువగా పాత పైపుల లీకేజీల్లో. మా నది అడిగే నగరం ముందు ఆ లెక్క చూపాలి.