శాలువాలు వద్దు, భత్యం ఇవ్వండి

విద్య, ఐటీ శాఖల మంత్రివర్యులకు,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ఆగింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా మా తీరం బళ్ళలో అలాంటివి ఉంటే మూలన పడేయకండి. లైనక్స్‌తో ఇంకొన్నేళ్ళు నడుస్తాయి. కేరళలో కైట్ సంస్థ బడి కంప్యూటర్లను అలాగే నడుపుతోంది.

లైనక్స్ ఎక్కించడం పూట పని. అసలు తిప్పలు ఆ తర్వాతే. ప్రింటరు మొరాయిస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన పాత ప్రశ్నపత్రాలను యూనికోడ్‌లోకి మార్చాలి. అయ్యవార్ల పక్కన కూర్చుని నేర్పాలి. స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థల కార్యకర్తలకు ఇది తెలిసిన విద్యే. శాలువా కప్పి పంపేస్తే (అది మనకు బాగా అలవాటు) వాళ్ళ బస్సు ఛార్జీలైనా రావు. కొత్త కంప్యూటర్లకు పెట్టే డబ్బులో కొంత వాళ్ళ దినభత్యానికి, ఏడాది మరమ్మతులకు కేటాయించండి. వేసవి సెలవుల్లో మొదలుపెడితే బళ్ళు తెరిచేలోపు పని తెమలొచ్చు.

ఇట్లు,
నెల్లూరు తీరవాసి