రెండో గోల్‌కీపరు

కిందటి సంచికలో నామినేషన్ల గురించి రాస్తే, తిరువళ్లూరు నుంచి ఒక సభ్యురాలు ఫోను చేసి, "ప్రతిసారీ పాసుబుక్కు గొడవేనా? ఇంకేమీ తోచదా మీకు?" అని నిలదీశారు. ఆవిడ మాట మన్నించి ఈసారి హాకీ గురించి రాస్తున్నాను. పాసుబుక్కు వాసన బొత్తిగా రాదని మాత్రం మాట ఇవ్వలేను. ముప్ఫయ్యేళ్ల అలవాటు మరి.

హాకీ అన్నాను గదా అని గోలు కొట్టేవాళ్ల గురించి అనుకోకండి. గోలు కాచేవాళ్ల గురించి, అందులోనూ రెండో మనిషి గురించి. పెద్ద పోటీలకు వెళ్లే జట్టులో మామూలుగా ఇద్దరు గోల్‌కీపర్లుంటారు. ముందు ఆడేవాళ్లు అలసిపోతే ఐదారు నిమిషాలకోసారి మారుతూనే ఉంటారు. గోల్‌కీపరును అలా మార్చరు. మొదటి మనిషికి దెబ్బ తగలాలి, లేదా ఆట బొత్తిగా చెడాలి. అందాకా రెండో మనిషి బెంచీ మీదే. అయినా తెల్లవారుజామున లేవడం ఇద్దరికీ ఒకటే. కాళ్లకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, ఛాతీకి కవచం, తలకు హెల్మెట్ ఇద్దరూ కట్టుకోవాలి. గంటకు నూరు కిలోమీటర్లు దాటి దూసుకొచ్చే బంతికి ఇద్దరూ ఒళ్లు అడ్డం పెట్టాలి.

మా బ్యాంకులో స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలుంటాయి. ఇద్దరు అధికారుల దగ్గర చెరొకటి. రెండో తాళం రాకపోతే తలుపు తెరుచుకోదు కనుక ఆ రెండో మనిషికి విలువ ఉంది. రెండో గోల్‌కీపరుది అలా కాదు. ఆ తాళం లేకుండానే తలుపు రోజూ తెరుచుకుంటుంది. అయినా ఆ తాళాన్ని ప్రతిరోజూ తోమి సిద్ధంగా పెట్టుకోవాలి.

ఇదంతా ఎవరి కోసం చెబుతున్నానంటే, మన పక్క అమ్మాయే ఒకరున్నారు. పేరు ఏటిమరపు రజని. యర్రావారిపాళెం మండలంలోని పల్లె ఆమెది. ఇప్పుడది తిరుపతి జిల్లా. 2022లో జిల్లాలు విడదీసేదాకా చిత్తూరు జిల్లా. మన తిరుత్తణి కూడా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోదే గదా. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిపారు. మా పెద్దవాళ్లు ఇప్పటికీ "మనం చిత్తూరోళ్లమే" అనడం మానలేదు. ఆ లెక్కన రజని మన జిల్లా పిల్లే. తెలుగువాళ్ల హాకీ అంటే మా వయసు వాళ్లకు హైదరాబాదు ముకేశ్ కుమార్ గుర్తొస్తాడు. 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడినవాడు. ఆడపిల్లల్లో, అందునా పల్లె నుంచి, ఇంత దూరం పోయినవాళ్లు అరుదు.

రజని పుట్టింది 1990 జూన్‌లో. భారత జట్టు మొదటి గోల్‌కీపరు సవితా పూనియా పుట్టింది 1990 జులైలో, హర్యానాలోని సిర్సా జిల్లాలో. నెల తేడా! ఈ ఒక్క సంగతి చాలు నాకు. ఆఫీసులో పైవాడు ఐదేళ్లు పెద్దయితే, వాడు రిటైరయ్యాక మన వంతు వస్తుందని కాచుకుని కూర్చోవచ్చు. ఇక్కడ ఆ ఆశా లేదు. పైగా ఆ సవిత మామూలు మనిషి కాదు. వరుసగా మూడుసార్లు, 2020-21 నుంచి 2022-23 దాకా, ప్రపంచంలోనే ఉత్తమ మహిళా గోల్‌కీపరుగా అంతర్జాతీయ సమాఖ్య అవార్డు అందుకుంది. 2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియాను మనవాళ్లు 1-0తో ఓడించారంటే సగం ఆమె చలవే. ఆ రోజు గోల్‌లో సవిత. జట్టుతో పాటు అదనపు గోల్‌కీపరుగా వెళ్లిన మనిషి రజని.

రజని లెక్కలో పతకాలు తక్కువేం కావు. 2017లో జపాన్‌లో జరిగిన ఆసియా కప్పు స్వర్ణం, 2018 జకార్తా ఆసియా క్రీడల రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల కాంస్యం. మూడు జట్లలోనూ ఆమె ఉంది, మూడింటిలోనూ రెండో గోల్‌కీపరే.

ఇహ తిరుత్తణి సంగతి. మగ్గాల వీధిలో మా ఖాతాదారు ఒకాయన ఉన్నాడు. పవర్‌లూమ్ నడుపుతాడు. ఇంట్లో తెలుగే. కూతురు పదో తరగతి, స్కూలు హాకీ జట్టులో గోల్‌కీపరు. ఆ మధ్య బ్రాంచికొచ్చి, పాప పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీసేస్తానన్నాడు. గోల్‌కీపరు కిట్ కొనాలట. విచారించి వచ్చాడు, నలభై వేలకు పైమాటే.

"కొనిచ్చేదానికి బాధ లేదు సార్. రెండో గోలీగానే పెట్టుకోని ఉండారు మా పాపని. ఆడించేది లేదు. ఊరికే కూచోబెట్టేదానికి నలభై వేలా? మీరే చెప్పండి సార్" అన్నాడు.

(గోలీ అంటే మనకు గోలీసోడా. హాకీ పిల్లలకు మాత్రం గోల్‌కీపరు.)

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. వడ్డీ రేటు అడిగితే చెప్పగలను. దీనికేం చెప్పను? అప్పట్నుంచి ఈ రెండో గోల్‌కీపర్ల సంగతి దొరికిన చోటల్లా చదువుతున్నాను. చదవగా చదవగా అమెరికా మంచు హాకీ దాకా పోయాను. మంచు మీద బూట్లకు కత్తులు కట్టుకుని ఆడే ఆట. మన దేశంలోనూ లడఖ్, హిమాచల్ వైపు ఉంది. 2025లో మన అమ్మాయిలు ఆసియా కప్పులో కాంస్యం కూడా తెచ్చారు. అమెరికా, కెనడాల్లో మాత్రం అది వృత్తి. అక్కడి నేషనల్ హాకీ లీగ్‌లో 2025-26 సీజన్‌కు కనీస జీతం 7,75,000 డాలర్లు. రూపాయల్లో ఆరున్నర కోట్లు దాటుతుంది. బెంచీ మీద కూర్చునే రెండో గోల్‌కీపరుకూ అంతకు తగ్గదు. కూర్చోవడానికి జీతం కాదది, లేవడానికి సిద్ధంగా ఉన్నందుకు జీతం.

అక్కడ ఇద్దరూ దెబ్బతింటే ఎలా? దానికీ ఏర్పాటుంది. ఆటలో అనుభవమున్న మరొకడిని సిద్ధంగా ఉంచుతారు. 2018 మార్చి 29న షికాగోలో అదే జరిగింది. షికాగో జట్టు మొదటి గోల్‌కీపరుకు ఆటకు ముందే దెబ్బ తగిలింది. రెండో అతని కాళ్లు ఆట మధ్యలో పట్టేశాయి. అప్పుడు దిగినవాడు స్కాట్ ఫాస్టర్, 36 ఏళ్ల వాడు. వృత్తి ఏమిటనుకున్నారు? అకౌంటెంట్! కాలేజీ రోజుల్లో ఆడినవాడే కానీ, పగలంతా లెక్కలు రాసుకునే మనిషి. చివరి 14 నిమిషాలు గోల్‌లో నిలిచి, తన మీదికొచ్చిన ఏడు షాట్లూ ఆపాడు. షికాగో 6-2తో గెలిచింది. బీకాం చదివినవాణ్ణి కనుక ఈ కథ నేను మూడుసార్లు చదివాను. ఇంట్లో వాళ్లకు చదివి వినిపించాను కూడా. 2020లో ఇలాగే డేవిడ్ ఏయర్స్ అనే 42 ఏళ్లాయన దిగి కరోలినా జట్టును గెలిపించాడు. కానీ ఫాస్టర్‌కు బతుకుతెరువు వేరే ఉంది. ఆ రాత్రి రాకపోయినా అతనికి పోయేదేమీ లేదు. మన పిల్లల సంగతి అలా కాదు.

మన హాకీలో డబ్బు ఎలా వస్తుందో చూడండి. 2025 జనవరిలో మొదటిసారి మహిళలకు హాకీ ఇండియా లీగ్ పెట్టారు, నాలుగు జట్లతో. వేలంలో అందరికన్నా ఎక్కువ పలికింది ఉదితా దుహాన్, 32 లక్షలు. సవిత 20 లక్షలు. మంచిదే. కానీ అది ఏటా కొద్ది వారాల ఆట. అసలు ఆధారం ఉద్యోగం. రైల్వేలు ఎంతోమంది ఆడపిల్లలకు ఆ ఆధారం ఇచ్చాయి. బ్యాంకులూ ఒకప్పుడు ఆటగాళ్లను బాగానే తీసుకునేవి. నేను చేరిన కొత్తలో ఏ పెద్ద బ్రాంచికి వెళ్లినా ఒక హాకీవాడో, ఒక బాస్కెట్‌బాల్‌వాడో కౌంటర్లో కనిపించేవాడు. అంత పేరున్న సవితకే 2018లో అర్జున అవార్డు వచ్చేనాటికి స్థిరమైన ఉద్యోగం లేదని పత్రికలన్నీ రాశాయి. మొదటి గోల్‌కీపరు గతే అదైతే రెండో వాళ్ల మాట చెప్పాలా? టోక్యో తరువాత, 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. అంతకు ముందు ప్రకటించి ఇవ్వకుండా ఉండిపోయిన బకాయిలు కూడా అప్పుడే ఇవ్వమన్నారు. బకాయి అన్న మాట కనబడితే నా కన్ను అక్కడే ఆగుతుంది. శాలువా వేరు, నెల జీతం వేరు. శాలువాకు తేదీ ఉండదు.

2024 జనవరిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. రాంచీలో ఒలింపిక్స్ అర్హత పోటీలు. సవిత నాయకత్వంలోని పెద్ద జట్టు 19వ తేదీన జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ అవకాశం పోగొట్టుకుంది. ఆ బాధలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, అదే నెలాఖరులో ఒమన్‌లోని మస్కట్‌లో ఐదుగురేసి ఆడే హాకీకి మొదటి ప్రపంచ కప్పు జరిగింది. చిన్న మైదానం, చుట్టూ పలకలు, గోల్‌కీపరుకు క్షణం తీరిక ఉండని ఆట. మన జట్టు న్యూజీలాండ్‌ను 11-1తో, సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. 27న నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతం తెచ్చింది. ఆ జట్టుకు కెప్టెన్ రజని. అందులో రెండో గోల్‌కీపరుగా ఉన్నది బన్సరీ సోలంకి అనే మరో అమ్మాయి.

మగ్గాల వీధి ఆయన మళ్లీ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "అయితే కొనిమ్మంటారా, వద్దంటారా సార్?" అన్నాడు. చదువు మాననివ్వొద్దని చెప్పాను. ప్లస్ టూలో కామర్స్ తీసుకోమన్నాను, అది నా పక్షపాతం అనుకోండి. డిపాజిట్ విరగ్గొడితే వడ్డీ తగ్గుతుంది, దాని మీదే అప్పు తీసుకుంటే డిపాజిట్ వడ్డీ కన్నా ఒక శాతమో అంతకు కాస్త ఎక్కువో కట్టుకుంటే సరిపోతుంది, డిపాజిట్ పాప పేర అలాగే ఉంటుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చి సంతకాలు పెట్టాడు. కిట్ జలంధర్ నుంచి పార్సెల్లో వచ్చిందట. ప్యాడ్లు పాప కాళ్లకు రెండంగుళాలు పొడుగు. ఎదిగే పిల్ల గదా అని వెనక్కి పంపలేదు.