తల్లి కాడపై పిల్ల ఆర్కిడ్

రణపాల ఆకును ఎరుగనివారు మన పల్లెల్లో అరుదు. కోసి తడిమట్టిపై పడవేసిన ఆ ఆకు అంచుల వెంట చిన్నచిన్న మొక్కలు మొలుస్తాయి. పువ్వుతో పనిలేదు, విత్తనంతో పనిలేదు. తల్లి దేహం నుంచే సంతానం కలుగుతుంది. కొన్ని జాతుల ఆర్కిడ్లకు కూడా ఈ విద్య తెలుసు. పూలు రాలిన కాడ మీదనో, ఆకులు రాల్చిన పాత కాండం మీదనో ఒక కణుపు వద్ద రెండు లేత ఆకులు తొంగిచూస్తాయి. కొన్ని వారాలు గడిచేసరికి వాటి అడుగున తెల్లని వేళ్ళు గాలిలోకి సాగుతాయి. ఈ పిల్ల మొక్కను తోటల పెంపకందార్లు ‘కేకీ’ అంటారు. హవాయి ద్వీపవాసుల భాషలో ఆ మాటకు బిడ్డ అని అర్థం.

ఆర్కిడ్లను ఇంట పెంచేవారికి ఈ బిడ్డ విలువ ఇంతా అంతా కాదు. ఆర్కిడ్ కాయ ఒక్కదానిలోనే లక్షల సంఖ్యలో విత్తనాలు ఉండవచ్చు. కాని అవి ధూళివంటివి. మొలకెత్తే పిండానికి కావలసిన ఆహారపు నిల్వ వాటిలో లేదు. అడవిలో ఒకానొక శిలీంద్రం తోడయితేనే ఆ విత్తనం మొలకెత్తుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్ 1922లో, చక్కెర కలిపిన పోషక పదార్థంపై శిలీంద్రం సహాయం లేకుండానే ఈ విత్తనాలను మొలిపించవచ్చునని నిరూపించాడు. 1960లో ఫ్రాన్సు దేశీయుడు జార్జి మోరెల్ చిగురు కొనలోని కణజాలం నుంచి సింబీడియం మొక్కలను పెంచే పద్ధతిని ప్రకటించాడు. నేడు బజారులో కనిపించే ఆర్కిడ్లలో అత్యధిక భాగం ఈ రెండు మార్గాలలో వచ్చినవే. అయితే రెండింటికీ క్రిమిరహితమైన గాజుసీసాలు, ప్రయోగశాల కావాలి. గృహస్థునికి అవి అందుబాటులో ఉండవు. కేకీకి మాత్రం ఒక పదునైన కత్తి, ఒక చిన్న కుండీ, కొంత ఓర్పు చాలు.

మరొక విశేషం కూడా ఉంది. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లిని పోలి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కేకీ అలా కాదు. అది తల్లికి అచ్చమైన ప్రతిరూపం. తల్లికి ఏ రంగు పువ్వు పూస్తుందో బిడ్డకూ అదే రంగు పూస్తుంది.

ఏ జాతులు, ఎందుకు?

ఆర్కిడ్లన్నీ కేకీలను ఇవ్వవు. డెండ్రోబియం, ఫెలనాప్సిస్, ఎపిడెండ్రం జాతులలో ఇవి తరచుగా కనిపిస్తాయి. వాండాలు కాండం మొదట గాని, కాండం వెంట గాని పిలకలు వేస్తాయి. కొండప్రాంతాలలో విరివిగా పెంచే సింబీడియంను మాత్రం దుంపలు విడదీసి పెంచవలసిందే.

కణుపు వద్ద నిద్రాణంగా ఉన్న మొగ్గ, పూమొగ్గగా మారడానికి బదులు ఆకుమొగ్గగా మారినప్పుడు కేకీ పుడుతుంది. సైటోకైనిన్ అనే హార్మోను ఈ మార్పులో ముఖ్యపాత్ర వహిస్తుంది. అందువల్లనే కొందరు ఆ తరగతికి చెందిన పదార్థాన్ని లేపనంగా కణుపుకు పూసి కేకీలను రప్పిస్తారు. సిక్కిం రాష్ట్ర పుష్పమైన డెండ్రోబియం నోబిలె సంగతి చూడండి. చలికాలంలో దానికి చల్లదనం, విశ్రాంతి అవసరం. ఆ రోజులలో నీరు సమృద్ధిగా పోసి, నత్రజని ఎరువు వేస్తూ పోతే పూలు రావలసిన కణుపులన్నింటా కేకీలు బయలుదేరుతాయి. యజమాని పూల కోసం ఎదురుచూస్తే మొక్క పిల్లలను ఇస్తుంది!

అయితే కేకీ పుట్టుక ఎల్లప్పుడూ శుభసూచకం కాదు. వేళ్ళు కుళ్ళినప్పుడు, ఫెలనాప్సిస్‌కు నడినెత్తి చిగురు చెడినప్పుడు కూడా మొక్క పిల్లను వేస్తుంది. తాను నిలవకపోయినా తన వంశం నిలవాలనే ప్రకృతి ధర్మమది. కనుక కేకీ కనిపించిన వెంటనే చూడవలసింది దానిని కాదు, తల్లిని. తల్లి ఆకులు నిండుగా, గట్టిగా ఉన్నాయా? కుండీలోని వేళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయా? ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఆకులు ముడుతలుపడి, వేళ్ళు నల్లబడి ఉంటే ఆ బిడ్డే మీకు మిగలబోయే మొక్క కావచ్చు. దానిని కాపాడుకోవడమే అప్పుడు ముఖ్యమైన పని.

విడదీయవలసిన వేళ

ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ పనిలో మాత్రం తొందరే విషం. కేకీలు చనిపోవడానికి ప్రధాన కారణం వేళ్ళు రాకముందే కోసివేయడం. తల్లిని అంటిపెట్టుకొని ఉన్నంతకాలం బిడ్డకు నీరు, ఆహారం తల్లి నుంచే అందుతాయి. కనీసం రెండు మూడు ఆకులు, రెండు మూడంగుళాల పొడవున్న వేళ్ళు రెండో మూడో వచ్చేవరకు దాని జోలికి పోరాదు. దీనికి కొన్ని నెలలు పట్టవచ్చు.

వేళ్ళు రావడం ఆలస్యమైతే తడిపి పిండిన స్ఫాగ్నం నాచును కేకీ మొదట పలుచగా చుట్టి, దారంతో వదులుగా కట్టవచ్చు. నాచు చెమ్మగా ఉండాలి గాని నీరు కారుతూ ఉండకూడదు. పూకాడ వంగేదైతే మరొక ఉపాయం ఉంది. చిన్న కుండీని తల్లి పక్కనే ఉంచి, కాడను తెంపకుండా కేకీని అందులో కూర్చోబెట్టండి. వేళ్ళు పట్టుకున్న తరువాత కాడను కోయవచ్చు. తల్లి జబ్బుపడి కాడ ఎండిపోతూ ఉంటే మాత్రం వేచివుండడం తగదు. వేళ్ళు పొట్టిగా ఉన్నా కోసి, చెమ్మనాచు మీద ఉంచి, పైన చిల్లులున్న పారదర్శకపు సంచిని కప్పి నీడన ఉంచాలి. ఇది ఆపద్ధర్మం; ఫలితం అనిశ్చితం.

ఫెలనాప్సిస్ మొదట్లో, తల్లి ఆకుల మధ్య పుట్టిన పిలకను వేరుచేయకుండా ఉండడమే మేలు. తల్లి తల చెడిపోయినట్లయితే ఆ పిలకే క్రమంగా తల్లి స్థానాన్ని ఆక్రమిస్తుంది.

ఋతువు విషయానికి వస్తే, తొలకరి తరువాతి రోజులు అనుకూలమైనవి. గాలిలో తేమ ఉంటుంది, వేళ్ళు చురుకుగా పెరుగుతాయి. వేళ్ళ కొనలు పచ్చగా మెరుస్తూ ఉంటే మొక్క పెరుగుదలలో ఉన్నదని గుర్తు. మే నెల వడగాలులలోను, ఉత్తరాదిన పుష్య మాఘాల చలిలోను ఈ పని పెట్టుకోకూడదు.

కోత, నాటు

కత్తిని మంటపై కాల్చి చల్లార్చిన తరువాతనే వాడాలి. ఒక మొక్క నుంచి మరొక మొక్కకు పోయే ప్రతిసారీ తిరిగి కాల్చాలి. ఇది చాదస్తం కాదు. సింబీడియం మొజాయిక్ వంటి వైరస్‌లు కోత కత్తి ద్వారానే వ్యాపిస్తాయి. వాటికి మందు లేదు. ఆకులపై పసుపు చారలు, నల్లగా కుంగిన మచ్చలు ఉన్న తల్లి నుంచి కేకీని తీయకండి. రూపంతో పాటు రోగాన్ని కూడా బిడ్డ తెచ్చుకుంటుంది. అటువంటి మొక్కను పొరుగువారికి కానుకగా ఇవ్వడం వారి తోటకు హాని చేయడమే.

పూకాడ మీది కేకీకి ఇరువైపులా అంగుళం కాడను ఉంచి కోయాలి. డెండ్రోబియం కేకీని మొదట్లో పట్టుకొని మెల్లగా తిప్పితే చాలా సందర్భాలలో విడివడుతుంది. కోసిన చోట దాల్చినచెక్క పొడి గాని, శిలీంద్రనాశని పొడి గాని అద్దండి. దాల్చినచెక్క పొడి వేళ్ళకు తగలకూడదు. అది వాటిని ఎండబెడుతుంది.

కుండీ మూడు నాలుగు అంగుళాలకు మించరాదు. పెద్ద కుండీలో తడి త్వరగా ఆరదు. అడుగునే కాక ప్రక్కలకూ రంధ్రాలుంటే మరీ మంచిది. తోటమట్టి పనికిరాదు. ఈ ఆర్కిడ్లు చెట్ల కొమ్మలపై బ్రతికేవి. వాటి వేళ్ళకు చుట్టూ స్పంజివంటి తెల్లని పొర ఉంటుంది. వాననీటిని క్షణాలలో పీల్చుకొని, గాలికి ఆరడం దాని స్వభావం. మట్టిలో పూడ్చితే గాలి అందక వేరు కుళ్ళుతుంది. కట్టెబొగ్గు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి నింపండి. కొబ్బరి డొక్కను రెండు మూడు రోజులు నీరు మారుస్తూ నానబెట్టి, దానిలోని ఉప్పును, వగరును పోగొట్టిన తరువాతనే వాడాలి.

వేళ్ళను ముందుగా కొద్దిసేపు నీటిలో ఉంచితే మెత్తబడి విరగకుండా వంగుతాయి. మొక్క మొదలు ముక్కలపైన నిలవాలి; లోతుగా పూడ్చరాదు. కదలకుండా ఒక సన్నని పుల్లకు కట్టండి. గాలికి ఊగే మొక్క వేరు పట్టదు.

బాల్యదశలో పోషణ

మొదటి మాసంలో నేరుగా ఎండ తగలకూడదు. తూర్పు కిటికీ వెలుతురు గాని, నీడవల క్రింది వెలుతురు గాని చాలును. వేళ్ళు తెల్లగా వెండివన్నెలో ఉంటే దాహమని, పచ్చగా ఉంటే తృప్తి అని తెలుసుకోండి. నీరు ఉదయం పూటనే పోయండి. ఫెలనాప్సిస్ ఆకుల నడుమ నీరు నిలిస్తే రాత్రికి కుళ్ళు ఆరంభమవుతుంది. వాననీరు శ్రేష్ఠం. ఉప్పుశాతం ఎక్కువగా ఉన్న బోరునీరు వేళ్ళ కొనలను మాడుస్తుంది.

కొత్త ఆకో, కొత్త వేరో కనిపించేవరకు ఎరువు వద్దు. ఆపైన 19:19:19 వంటి నీటిలో కరిగే ఎరువును లీటరుకు అర గ్రాము చొప్పున కలిపి పది రోజులకొకసారి పిచికారీ చేయవచ్చు. నత్తలు, పిండినల్లి, పొలుసు పురుగు లేత మొక్కలకు శత్రువులు. ఆకుల అడుగుభాగాన్ని వారానికొకసారి పరిశీలించండి. డెండ్రోబియం కేకీ ఏడాది రెండేళ్ళలో పూయవచ్చు. ఫెలనాప్సిస్‌కు రెండు మూడేళ్ళు పడుతుంది.

సముద్రతీరపు తేమగాలి ఉండే విశాఖ, చెన్నై, కొచ్చి వంటి చోట్ల డెండ్రోబియం సంకరజాతులు సులభంగా పెరుగుతాయి. ప్రారంభకులు వాటితో మొదలుపెట్టడం మంచిది. దక్కను పీఠభూమి పొడిగాలిలో కుండీల చుట్టూ తేమ నిలిపే ఏర్పాటు ఉండాలి. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పరచి, నీరు పోసి, కుండీని ఆ రాళ్ళపై నీరు తగలకుండా ఉంచితే కొంత ప్రయోజనం ఉంటుంది.

అడవి మాట

చెట్టుపై మొలిచిన పరాయి మొక్కను దేనినైనా బదనిక అనడం తెలుగునాట వాడుక. ఆర్కిడ్ మాత్రం చెట్టు రసాన్ని పీల్చేది కాదు. నిలువ నీడను మాత్రమే కోరుతుంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను పర్యవేక్షించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువరించిన చిత్రగ్రంథంలో మన వాండా ఒకటి చోటుచేసుకున్నది. ఆ వాండా తూర్పు కనుమల చెట్లపై నేటికీ కనిపిస్తుంది.

భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2019లో వెలువరించిన గ్రంథం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులను లెక్కించింది. వీటిలో అనేకం అడవుల నరికివేతకు, అక్రమ సేకరణకు బలి అవుతున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణ వల్ల నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ జాతులకు చట్టరక్షణ కలిగింది. అయినా చెట్టు బెరడుతో సహా ఊడబెరికిన మొక్కలు సంతలలో చవుకగా దొరకడం విహారస్థలాలకు పోయేవారు చూస్తూనే ఉంటారు. అటువంటి మొక్కలు మైదానపు ఇళ్ళలో ఏడాది తిరక్కుండానే తరచు ఎండిపోతాయి. అడవి ఒక మొక్కను కోల్పోతుంది, కొన్నవాడికీ మిగిలేది ఉండదు.

కేకీ విలువ ఇక్కడే తేటపడుతుంది. మీ కిటికీ దగ్గర పెరిగిన మొక్క ఇచ్చిన బిడ్డ మీ ఇంటి గాలికి, వెలుతురుకు పుట్టుకతోనే అలవాటుపడి ఉంటుంది. ఒక తల్లి నుంచి కొద్ది సంవత్సరాలలో నాలుగైదు మొక్కలు సమకూరుతాయి. వాటిలో రెండింటిని స్నేహితులకు ఇచ్చి ఉంచండి. ఏ వేసవిలోనో మీ తల్లిమొక్క పోతే, దాని బిడ్డ కొమ్మ కోసం మీరు వెళ్ళి తట్టడానికి ఒక తలుపు ఉంటుంది.