మెదడునకు కొవ్వు శత్రువా?

తెలుగున కొవ్వెక్కినవాడనుట తిట్టు. సంస్కృతమున నెయ్యికి, నూనెకు స్నేహమని పేరు. ఆరోగ్య విషయములను తెలుగు చేయునపుడెల్ల నేను ఈ రెండు మాటల నడుమ చిక్కుపడుచుందును. మెదడు సంగతిలో రెండవ మాటయే నిజమునకు దగ్గర యని నా అభిప్రాయము. అయితే అది ఏ కొవ్వు అన్నది చూడవలెను.

నీటిని తీసివేసి తూచినచో మెదడున సగమునకు మించి కొవ్వు పదార్థమే. నరములను తొడుగువలె కప్పియుండు పొరయు అధికభాగము దానితోనే ఏర్పడినది. ఇందులకు కావలసిన ఒమేగా-3 కొవ్వులకు మూలమైన దానిని శరీరము తయారుచేసికొనజాలదు. ఆహారము నుండియే రావలెను.

1959లో భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు పని ప్రారంభించినది. ఆ ఉక్కు కర్మాగారము నాశ్రయించి వచ్చి ఖుర్సీపారులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వేరుశనగనూనె, నువ్వులనూనెల రుచి మనవారిని విడువలేదు. ఆ రెండింటను ఒమేగా-3 దాదాపు శూన్యము. పొరుగున ఛత్తీస్‌గఢీ వారికి పరిచితమైన అల్సీలో అది సమృద్ధిగా కలదు; ఆవనూనెలోను కొంత కలదు. ఆవనూనె ఘాటునకు ముఖము త్రిప్పుకొనువారు త్రిప్పుకొందురు గాక, అల్సీ యనగా మన అవిసెలే కదా! వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి దంచిన అవిసెపొడి మన అమ్మమ్మలు ఎరుగనిది కాదు. అవిసెలలోని కొవ్వును మెదడునకు వలయు రూపమునకు శరీరము కొద్దిగా మాత్రమే మార్చుకొనగలదు. ఆ రూపము చేపలలో నేరుగా లభించును. తినువారు వారమునకు ఒకటి రెండు మారులు పులుసు పెట్టుకొనుట మేలు. చేపనూనె మాత్రలు మతిమరుపును ఆపునని ఇంతవరకు రుజువు కాలేదు. వానికై డబ్బు పోయనక్కరలేదు.

ఇక హాని చేయునది. జపానులోని హిసాయామా పట్టణమున పదునారువందల మందికి పైగా వృద్ధులను సుమారు పదియేండ్లు పరిశీలించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. రక్తమున ట్రాన్సు కొవ్వు హెచ్చుగానున్న వారిలో మతి నశించు వ్యాధి ఎక్కువగా కనబడెను. మన దేశమున 2022 జనవరి 1 నుండి నూనెలలోను, వనస్పతిలోను ఈ కొవ్వు నూటికి రెండు పాళ్లు మించరాదని నియమము. నియమము డబ్బా వరకే వచ్చును, మూకుడులోనికి రాదు. పలుమారులు కాచిన నూనెలో రక్తనాళములను చెరచు పదార్థములు పుట్టును. మెదడునకు పోవు నాళము మూసికొన్నచో పక్షవాతమే. కొలిమివేడికి ఎంత తిన్నను కరగిపోవుననుకొని ముప్పదియేండ్లు గడపినవారికి ఈ మాట రుచింపదు.

గారెలు వండిన నూనె పారబోయుటకు ఇల్లాలికి మనసొప్పదు. ధర చూచిన ఆమెను తప్పుపట్టలేము. మూకుడున తక్కువ నూనె పోసి, కొద్దికొద్దిగా వేయించి, మిగిలినదానిని వడగట్టి ఒకటి రెండు దినములలో పోపునకు వాడివేయవచ్చును. మరల వేపుడునకు మాత్రము వలదు.