సరస్సు ఒకటే.. లెక్కలు రెండు

ఆరంబాక్కం దాటితే తడ. రోడ్డు మీదైతే బోర్డు చూసి రాష్ట్రం మారిందని తెలుసుకుంటాం. పులికాట్ నీళ్ల మీద ఆ బోర్డు ఎక్కడుంది?

సంక్రాంతి తర్వాత ఓ ఉదయం పళవేర్కాడు తట్టు నుంచి పడవలో వెళ్లాం. సుమారు రెండొందల రాజహంసలు లెక్కపెట్టి ఫోన్‌లో నమోదు చేశాను. తిరువళ్లూరు జిల్లా, తమిళనాడు అని చూపించింది. కాసేపటికి గుంపు లేచి ఉత్తరంగా పోయింది. ఆ సాయంత్రం సూళ్లూరుపేట మిత్రుడు దాదాపు అంతే గుంపును తన జాబితాలో రాశాడు. ఆయనది ఆంధ్రప్రదేశ్. అవీ ఇవీ ఒకటేనా అని మాకిద్దరికీ సందేహం. కంప్యూటర్‌కు సందేహం లేదు, రెండు రాష్ట్రాల ఖాతాలో వేసేసింది.

ఇందులో తప్పు పక్షులది కాదు, గీతలది. 2002లో అమెరికాలో మొదలై 2010కల్లా ప్రపంచమంతా విస్తరించిన ఈబర్డ్‌లో దేశం, రాష్ట్రం, జిల్లా అనే వరుసలోనే లెక్కలు తేలుతాయి. పరిపాలనకు అవి సరిపోతాయి. కానీ మన దగ్గర జిల్లాలు నిలకడగా ఉంటాయా? 1960లో పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రకు వచ్చాయి, తిరుత్తణి మద్రాసుకు పోయింది. 1997లో చెంగల్పట్టు నుంచి తిరువళ్లూరు జిల్లా విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, తడ నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు చూసి పాత, కొత్త జాబితాలు పోలిస్తే నెల్లూరులో రాజహంసలు ఒక్కసారిగా తగ్గిపోయాయని ఎవరైనా కంగారుపడొచ్చు. రేపు రేవు కట్టాలన్నా, అభయారణ్యం హద్దు మార్చాలన్నా ఈ అంకెలే ఫైళ్లలోకి ఎక్కుతాయి.

అలాగని సరస్సు మొత్తానికీ ఒకే చుక్క పెట్టడమూ పనికిరాదు. సూళ్లూరుపేట - శ్రీహరికోట రోడ్డుకు ఉత్తరాన నీరు త్వరగా ఇంకిపోతుంది. దక్షిణాన సముద్రపు పోటుపాట్లు తగులుతాయి. రాజహంసకు కాలు ఆనే లోతు కావాలి, నీటిని బట్టి చోటు మారుస్తుంది. గూడబాతుల సంగతి ఇంకోటి. గూళ్లు నేలపట్టు చెరువులో, మేత పులికాట్‌లో. రోజంతా తిరిగి అంతా ఒకే జాబితాలో కుక్కితే ఏ పక్షి ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? ఒక జాబితాకు 8 కిలోమీటర్లు మించొద్దని ఈబర్డ్ వాళ్లే చెబుతున్నారు. మనవాళ్లు వింటే కదా!

మరి ఎలా గీయాలి? పళవేర్కాడు జాలర్లకు ఈ విద్య ఎప్పుడో తెలుసు. వాళ్లది 'పాడు' పద్ధతి. తెలుగులో ఆ మాట వినగానే కంగారుపడొద్దు, వేట స్థలాలను వంతులవారీగా పంచుకోవడం. ఎక్కడ లోతు, ఎక్కడ బురద, ఎక్కడికి ఏ కాలంలో రొయ్య వస్తుందో చూసి పెట్టుకున్న చోట్లు అవి. పక్షుల లెక్కకూ అలాంటి విభజనే కావాలి. రోడ్డుకు ఉత్తరం, రోడ్డుకు దక్షిణం, ముఖద్వారం, దాంతోపాటు నేలపట్టు. ఇవన్నీ పులికాట్ అనే ఒకే పేరు కింద ఉండాలి. ఐనాచురలిస్ట్‌లో ఇలాంటి హద్దులు మనమే గీసుకునే వీలుంది. చూసిన చోటు, టైము మాత్రం ఖచ్చితంగా రాయాలి. అవి సరిగ్గా ఉంటే జిల్లా లెక్క కావలసినవాళ్లు తర్వాత తీసుకోవచ్చు. చోటు రాయకుండా జిల్లా ఒక్కటే రాస్తే మళ్లీ సరస్సును తిరిగి కూర్చడం ఎవరి తరమూ కాదు.

ఏటా జనవరిలో నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది. తిరువళ్లూరు, తిరుపతి అటవీ అధికారులు ఒకే ఉదయం, ఒకే గంటలో రెండు తట్లా లెక్కించేలా మాట్లాడుకుంటే సగం చిక్కు తీరుతుంది. దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు.

ఆ రోజు నేను ఫోన్‌లో తంటాలు పడుతుంటే పడవ నడిపే పెద్దాయన అడిగాడు, "ఏ తట్టు రాస్తావు తంబీ?" అని. నీళ్లలో చోట్లకు మీరేం పేర్లు పెట్టుకున్నారని నేనడిగా. సగం తమిళంలో, సగం తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. నోటుపుస్తకంలో పేజీన్నర అయింది. ఇంకా మ్యాపు మీదికి ఎక్కించలేదు.